కిర్గిజ్‌స్తాన్ వాతావరణం: నెల చూసి కాదు, ఎత్తు చూసి లెక్కేసుకోవడం

కిర్గిజ్‌స్తాన్ వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ నెల బావుంటుంది?" అని. దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. దేశంలో తొంభై శాతానికి పైగా కొండలే. సగటు ఎత్తు సుమారు 2,750 మీటర్లు. జూలైలో బిష్కెక్ వీధుల్లో ఎండకు జనం చెట్ల నీడ వెతుక్కుంటూ నడిచే మధ్యాహ్నమే సోన్-కుల్ సరస్సు ఒడ్డున వడగళ్లు పడుతుండవచ్చు. అందుకే అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటాను? దారిలో దాటే కనుమల్లో అన్నిటికంటే ఎత్తైనది ఎంత? ఈ రెండు సంఖ్యలు తెలిస్తే మిగతాదంతా లెక్కే.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. తెలుగులో తెల్లవారి గడ్డి మీద మెరిసేదీ మంచే, ఆకాశం నుంచి పడేదీ మంచే. ఇక్కడ మంచు అంటే ఆకాశం నుంచి పడేది. నీళ్లు గట్టిపడితే గడ్డ. కళ్లకు అడ్డం పడేది పొగమంచు. కొండల్లో ఈ మూడింటి ప్రమాదాలూ మూడు రకాలు.

ఎత్తు లెక్క

బిష్కెక్ సుమారు 800 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి మధ్యాహ్నపు ఉష్ణోగ్రత తీసుకుని, పైకి వెళ్లే ప్రతి 100 మీటర్లకు 0.65 డిగ్రీలు తీసేయండి. సోన్-కుల్ ఎత్తు 3,016 మీటర్లు, అంటే తేడా 2,200 మీటర్ల పైచిలుకు. బిష్కెక్‌లో 33 ఉంటే 14 పోగా సరస్సు దగ్గర 19 మిగులుతుంది. అది మధ్యాహ్నం సంగతి. అక్కడి గాలి పొడిగా, పలచగా ఉంటుంది కనుక సూర్యుడు కొండ చాటుకు వెళ్లగానే వేడి నిలవదు. మబ్బు లేని రాత్రి మరో 12 నుంచి 15 డిగ్రీలు తీసేయండి. నడివేసవిలోనే 4 నుంచి 7 డిగ్రీలకు దిగిపోయింది! వానపట్టు గడిచి ఆకాశం తెరిపిచ్చిన మొదటి రాత్రి సున్నా కిందికి పోవడం కూడా మామూలే. వాన వెలిసిందని సంబరపడి స్వెటర్ సంచిలో కుక్కేస్తారు చాలామంది. నిజానికి ఆ రాత్రే అన్నిటికంటే చలి.

వేసవిలో ఈ లెక్క బాగా నిలుస్తుంది. బిష్కెక్ జూలై సగటు సుమారు 25. నారిన్ పట్టణం 2,000 మీటర్ల పైన ఉంది. లెక్క ప్రకారం అక్కడ 17 రావాలి, వాస్తవంగానూ దాదాపు అంతే. చలికాలంలో మాత్రం ఇదే లెక్క దారి తప్పిస్తుంది. బిష్కెక్ జనవరి సగటు మైనస్ 3 దగ్గర కనుక నారిన్‌లో మైనస్ 11 ఉండాలి. ఉండేది మైనస్ 15 దగ్గర. కారణం లోయ ఆకారం. చల్లగాలి బరువైనది, నీళ్లలాగే పల్లానికి పారుతుంది. చుట్టూ కొండలున్న గిన్నెలాంటి లోయలో రాత్రంతా అది నిండుతూనే ఉంటుంది. సైబీరియా మీద నిలబడే అధిక పీడనం వల్ల గాలి కదలదు కాబట్టి నిండిన చలి బయటికి పోదు. చైనా సరిహద్దు దగ్గరి అక్-సై లోయలో మైనస్ 50 కంటే కిందికి దిగిన రికార్డు ఉందంటే ఎత్తుతో పాటు ఈ గిన్నె ఆకారమే కారణం. కనుక చలికాలంలో బస ఎంచుకునేటప్పుడు లోయ అడుగున ఏటి పక్కన కాక, వాలు మీద కాస్త పైన ఉన్న ఇల్లు చూసుకోండి. యాభై, వంద మీటర్ల ఎత్తు తేడాకే తెల్లవారుజామున రెండు మూడు డిగ్రీల తేడా తెలిసిపోతుంది.

లెక్క తప్పే రెండో చోటు ఇస్సిక్-కుల్. 1,607 మీటర్ల ఎత్తున, 180 కిలోమీటర్ల పొడవున, 668 మీటర్ల లోతున ఉన్న ఈ సరస్సు చలికాలంలో గడ్డకట్టదు. నీళ్లు కాస్త ఉప్పన, అయితే గడ్డకట్టకపోవడానికి అసలు కారణం ఆ లోతే. వేసవంతా దాచుకున్న వేడిని చలికాలమంతా మెల్లగా వదులుతుంది. అందుకే ఉత్తర తీరంలోని చోల్పోన్-అటా బిష్కెక్ కంటే రెట్టింపు ఎత్తులో ఉన్నా జనవరి సగటు మైనస్ 2 దగ్గరే ఉంటుంది. అదే సరస్సు వేసవిలో ఎండను చల్లారుస్తుంది. ఈత కొట్టాలంటే జూలై నడిమి నుంచి ఆగస్టు నడిమి వరకు, లోతు తక్కువ ఉన్న ఉత్తర తీరంలో. అప్పుడు నీళ్లు 20 డిగ్రీలు దాటతాయి. జూన్ మొదట్లో ఒడ్డున ఎంత ఎండ కాసినా నీళ్లు కొరికేస్తాయి.

ఇస్సిక్-కుల్‌లో గాలులకు పేర్లున్నాయి. పడమట బూమ్ కనుమ దారి గుండా దూసుకొచ్చేది ఉలాన్, తూర్పు నుంచి వచ్చేది సాన్-తాష్. పడమటి కొసన ఉన్న బాలిక్చి దగ్గర ఉలాన్ సెకనుకు 30 మీటర్లు దాటిన సందర్భాలున్నాయి. పడవ ఎక్కే ముందు పడమటి వైపు చూడండి. అటు దుమ్ము లేచినా, నీటి అంచు నల్లబడినా ఒడ్డునే ఉండండి. పడమటి కొసకు, తూర్పు కొసకు వానలోనూ పోలిక లేదు. బాలిక్చిలో ఏడాదికి 150 మిల్లీమీటర్లు కూడా పడదు, నేల ఎడారిలా ఉంటుంది. తూర్పున కరాకోల్‌లో 400 దాటుతుంది, పైనంతా స్ప్రూస్ అడవి. పడమటి గాలి సరస్సు మీదుగా వెళ్తూ తేమ పట్టుకుని తూర్పు కొండలకు గుద్దుకోవడమే దీనికి మూలం. "ఇస్సిక్-కుల్‌లో వాన లేదు" అని బాలిక్చిలో చూసి చెప్పినవాళ్ల మాట నమ్మి కరాకోల్‌లో కొండ ఎక్కకండి.

వసంతం: అందరూ తక్కువగా అంచనా వేసే కాలం

మార్చి 21న నూరూజ్ పండుగ. లోయల్లో ఏప్రిల్‌కు ఆప్రికాట్ పూస్తుంది. ఫొటోల్లో చూసి ఇదే మంచి సమయం అనుకుంటారు. లోయల వరకు నిజమే. బిష్కెక్ ఉన్న చూయ్ లోయలో ఏడాది మొత్తంలో ఎక్కువ వాన పడేది ఏప్రిల్, మే నెలల్లోనే. దక్షిణాన ఓష్ వైపు వానపట్టు ఇంకాస్త ముందే వస్తుంది. నారిన్ వైపు మే నుంచి జూలై దాకా సాగుతుంది. అంటే వసంతంలో దేశం చుట్టాలనుకుంటే వాన కూడా మీతో పాటు దక్షిణం నుంచి ఉత్తరానికి, అక్కడి నుంచి పై లోయలకు నడుస్తుంది. ఏప్రిల్‌లో 20 డిగ్రీల ఎండ కాసిన మర్నాడే మంచు పడి పూత మాడిపోయిన ఏళ్లున్నాయి.

ఈ కాలపు అసలు ప్రమాదం బురద వరద. అక్కడ దాన్ని సెల్ అంటారు. ఏప్రిల్ నుంచి జూలై దాకా వస్తుంది, మే, జూన్‌లలో ఎక్కువ. పైన మంచు కరిగి నేల అప్పటికే నానిపోయి ఉంటుంది. దాని మీద గంటసేపు గట్టి వాన పడితే మట్టీ రాళ్లూ కలిసి వాగులోంచి గోడలా దిగుతాయి. మీరున్నచోట చుక్క వాన పడకపోయినా వస్తుంది, అదే దీనితో చిక్కు. జాగ్రత్తలు ఇవి: ఎండిన వాగులో, దాని నోటి దగ్గర విసనకర్రలా పరచుకున్న రాళ్ల నేల మీద గుడారం వేయకండి. చదునుగా ఉంది కదా అని మనసు లాగుతుంది. ఆ చదును చేసింది పాత వరదలే. వాగు నీళ్లు ఉన్నట్టుండి బురద రంగుకు తిరిగినా, ఉన్నట్టుండి తగ్గిపోయినా వెంటనే కదలాలి. తగ్గాయంటే పైన ఎక్కడో చరియ పడి నీరు కట్టుబడిందని అర్థం. పరుగెత్తాల్సింది వాగు వెంట కిందికి కాదు, అడ్డంగా, వాలు మీద పైకి.

మే నెలలో 3,000 మీటర్ల పైన కనుమలు ఇంకా మంచులోనే ఉంటాయి. సోన్-కుల్ దారులు సాధారణంగా మే చివర్లో, జూన్ మొదట్లో తెరుచుకుంటాయి. కాపరులు పశువులతో జైలూలకు, అంటే పై మేతభూములకు వెళ్లాక వెళ్తే దారి ఉన్నట్టే.

వేసవి: రోజును గంటలుగా విడగొట్టుకోవాలి

మనకు రోహిణి కార్తె ఉన్నట్టే కిర్గిజ్‌లకు చిల్దే ఉంది. జూన్ చివరి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా నలభై రోజుల ఎండ. చలికాలంలోనూ అలాంటిదే ఇంకో నలభై రోజులు, డిసెంబర్ చివరి నుంచి. ఎండ చిల్దేలో బిష్కెక్, ఓష్ లోయలు కాగిపోతాయి, జనం కొండల మీదికి పోతారు. కొండెక్కే కాలం అదే. జూలై నడిమి నుంచి సెప్టెంబర్ నడిమి దాకా. కరాకోల్ పైన అలా-కుల్ సరస్సు 3,500 మీటర్ల పైన ఉంది. దాని పక్క కనుమ దాదాపు 3,900. జూలై మొదట్లో ఆ కనుమ మీద మంచు మిగిలి ఉంటుంది. అల్తిన్-అరషాన్ లోయ వైపు దిగే వాలు నిటారు రాళ్లపొడి. తడిస్తే కాలు నిలవదు.

వేసవి రోజుకు అక్కడ ఒక పద్ధతి ఉంది. తెల్లారి ఆకాశం నీలం. పదింటికి శిఖరాల మీద దూదిపింజల్లాంటి మబ్బులు. పన్నెండుకు అవి వెడల్పు కంటే ఎత్తు ఎక్కువగా పెరుగుతాయి. రెండు దాటాక ఉరుములు, వడగళ్లు, అరగంట గట్టి వాన. సాయంత్రానికి మళ్లీ తెరిపి. కనుక నాలుగున్నర, అయిదింటికి బయలుదేరి పన్నెండు లోపు కనుమ దాటేయాలి. పదకొండుకే మబ్బు తల కాలిఫ్లవర్‌లా ఉబ్బితే ఆ రోజు కనుమ వద్దు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. ముప్పై సెకన్ల లోపు ఉంటే పిడుగు మీ దాకా రాగలదు. శిఖరపు అంచు వదిలి దిగండి, ఒంటరి చెట్టు కిందికి వెళ్లకండి, నడక కర్రలు దూరంగా పెట్టండి.

ఏరు దాటే లెక్కా గంటలతోనే. హిమానీనదాల నీళ్లు రాత్రి చలికి తగ్గి, పగటి ఎండకు కరిగి పొంగుతాయి. ఉదయం ఏడింటికి మోకాలి లోతున్న ఏరు సాయంత్రం అయిదింటికి నడుం దాకా ఉండొచ్చు. సాయంత్రం ఏటి ఒడ్డుకు చేరితే అక్కడే గుడారం వేసి తెల్లారి దాటండి. బూట్లు విప్పి వట్టి కాళ్లతో దాటేవాళ్లను చూస్తుంటాం, అది పొరపాటు. ఆ చలికి పాదాలు మొద్దుబారి కిందనున్న రాయి తెలియదు. సాక్సులు తీసేసి బూట్లతో దాటండి, లేదా దీనికోసమే చెప్పులు పట్టీ ఉన్నవి తెచ్చుకోండి.

ఎండలకు హిమానీనదాలూ కదులుతున్నాయి. 2022 జూలై 8న ఇస్సిక్-కుల్ దక్షిణాన జూకూ దగ్గర హిమానీనదం అంచు విరిగి గడ్డ పొడిపొడై లోయలోకి దూకింది. నడుస్తున్న పర్యాటకులు దాన్ని వీడియో తీయగలిగారు, ప్రాణాలు పోలేదు. వేలాడే గడ్డ కింద భోజనానికి ఆగకండి. దాటాల్సి వస్తే ఉదయమే, ఆగకుండా దాటండి.

జైలూలో యుర్తాలో, అంటే కాపరుల గుండ్రటి ఉన్ని గుడారంలో, పడుకుంటే మధ్యలో పొయ్యి ఉంటుంది. సోన్-కుల్ చుట్టూ చెట్టన్నది లేదు కనుక అందులో వేసేది తెజెక్, ఎండిన పిడకలే. చక్కగా మండుతుంది, అయితే రాత్రి రెండింటికి ఆరిపోతుంది. రెండు రగ్గుల్లో ఒకటి పైన కప్పుకునే ముందు కిందేసుకోండి. నేల లాగేసే వేడి గాలి లాగేదాని కంటే ఎక్కువ. సొంత గుడారమైతే జూలై, ఆగస్టుల్లో సున్నా డిగ్రీల సౌకర్య స్థాయి ఉన్న నిద్ర సంచి చాలు. సెప్టెంబర్‌లో మైనస్ 10ది కావాలి. సంచి మీద రెండు అంకెలు ఉంటాయి. సౌకర్య స్థాయి (కంఫర్ట్) చూడండి, హద్దు స్థాయి (లిమిట్) కాదు. వంటకు వట్టి బ్యూటేన్ సిలిండర్ తెస్తే సున్నా దగ్గర మండదు. అది మరిగే స్థానమే మైనస్ అర డిగ్రీ. ప్రొపేన్, ఐసోబ్యూటేన్ కలిసినది తీసుకోండి. 3,000 మీటర్ల దగ్గర నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి కనుక అన్నం, పప్పు ఉడకడానికి గ్యాస్ ఎక్కువ పడుతుంది. పప్పు అయితే ముందు రోజే నానబెట్టుకోవాలి.

పలచటి గాలితో ఇంకో రెండు సంగతులు. ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాలు పది శాతం పైగా పెరుగుతాయి, మంచు ఉంటే కింది నుంచీ కొడతాయి. చల్లగా ఉంది కదా అని క్రీము, నల్లద్దాలు వదిలేస్తే సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టవుతుంది. రెండోది ఊపిరి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. తలనొప్పికి తోడు వాంతి, తూలుడు వస్తే ఆ రాత్రి ఆగడం కాదు, దిగడమే వైద్యం.

శరదృతువు

సెప్టెంబర్ అన్నిటికంటే నిలకడైన నెల. ఉరుములు తగ్గుతాయి, గాలి తేటగా ఉంటుంది, దూరపు శిఖరాలు గీసినట్టు కనిపిస్తాయి. దక్షిణాన అర్స్లాన్‌బాబ్ అడవుల్లో అక్రోటు కాయలు దులిపేదీ ఈ నెల చివర్లోనే. 3,000 మీటర్ల మీద మాత్రం సెప్టెంబర్ నడిమికే యుర్తాలు విప్పడం మొదలవుతుంది. ఆ తర్వాత వెళ్తే పడుకునే చోటు ముందే ఖాయం చేసుకోండి.

బిష్కెక్‌లో ఉండబోయేవాళ్లకు, ముఖ్యంగా చదువుకునే పిల్లలకు, ఒక మాట. ఇంట్లో చలి బాధించేది జనవరిలో కాదు, అక్టోబర్ రెండో సగంలో. నగరంలో గదులు వేడి చేసే గొట్టాలు సుమారు నవంబర్ మొదట్లోగాని మొదలుకావు. అప్పటికే రాత్రులు సున్నాకు దిగుతుంటాయి. ఆ రెండు మూడు వారాలకు మందపు దుప్పటి, చిన్న హీటర్ ఉంచుకోండి. వసంతంలో గొట్టాలు ఆపేశాకా ఇదే తంతు.

చలికాలం: పొగ, పొయ్యి, దారి

చలికాలంలో చూయ్ లోయ మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. దాని కింద బొగ్గు పొయ్యిల పొగ, వాహనాల పొగ చిక్కుకుపోతాయి. గాలి లేని మూడు నాలుగు రోజులు వరసగా వస్తే ప్రపంచంలో అత్యంత కలుషిత నగరాల జాబితాలో బిష్కెక్ పైకి వెళ్తుంది. ఆ రోజుల్లో సాయంత్రం, తెల్లవారుజాము బయటి వ్యాయామం మానండి. కిటికీ తెరవాలంటే మధ్యాహ్నం తెరవండి. బట్ట మాస్క్ ఈ సన్నటి పొగను ఆపదు, ఎన్95 కావాలి. సెలవు రోజైతే నగరానికి దక్షిణంగా 40 కిలోమీటర్ల దూరంలోని అలా-అర్చా జాతీయ ఉద్యానవనానికి వెళ్లండి. మూత దాటి పైకి రాగానే నీలాకాశం, ఒక్కోసారి నగరం కంటే వెచ్చదనం కూడా.

పల్లెల్లో బొగ్గు పొయ్యి ఉన్న గదిలో పడుకుంటే పొగగొట్టం మూత పూర్తిగా మూయవద్దని ఇంటివాళ్లకు చెప్పండి. బొగ్గు ఎర్రగా ఉండగానే మూస్తే వాసన లేని విషవాయువు గదిలో నిండుతుంది. ఏటా చలికాలంలో దీనివల్ల ప్రాణాలు పోతుంటాయి. తలనొప్పి, వికారం గదిలో అందరికీ ఒకేసారి మొదలైతే అది జలుబు కాదు. వెంటనే బయటికి రండి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం అరచేతిలో పడుతుంది, వెంట తీసుకెళ్లండి.

బట్టల్లో పత్తి వద్దు. చెమటకు తడిస్తే ఆరదు. ఒంటికి ఊలు లేదా సింథటిక్ థర్మల్, పైన ఫ్లీస్, ఆ పైన గాలి దూరని జాకెట్. మైనస్ 10 ఉన్నచోట గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 20లా ఉంటుంది. కనుక బరువైన కోటు ఒకటి కంటే గాలి ఆపే పలచటి పొర మేలు. బూటు అర సైజు పెద్దది కొనండి. రెండు జతల సాక్సులు ఇరుకు బూటులో వేస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి.

బిష్కెక్ నుంచి ఓష్ దారిలో రెండు చోట్లు 3,000 మీటర్లు దాటతాయి. తూ-అషూ సొరంగం, అలా-బెల్ కనుమ. వాటి మధ్య సూసామిర్ లోయ, భారీగా మంచు పడేచోటు. మంచు చరియల భయం ఉంటే దారి మూసేస్తారు, గంటలు కాదు రోజులూ పట్టవచ్చు. పగటిపూట దాటేలా బయలుదేరండి. ట్యాంకు సగానికి దించకండి. వెంట పార, గొలుసులు, రగ్గులు, ఒక రోజు తిండి ఉండాలి. మంచులో ఇరుక్కుని ఇంజిన్ నడిపి వెచ్చబడాలనుకుంటే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వండి. డీజిల్ బండి అయితే వేసవి డీజిల్ చలికి మైనంలా చిక్కబడుతుంది. లోయలోనే చలికాలపు డీజిల్ పోయించుకోండి.

సూచన చదివే తీరు

దేశ వాతావరణ సంస్థ సూచనలు మీటియో.కేజీ (meteo.kg) వెబ్‌సైట్‌లో వస్తాయి, బురద వరద, మంచు చరియల హెచ్చరికలు అత్యవసర పరిస్థితుల మంత్రిత్వ శాఖ ఇస్తుంది. ఫోన్ యాప్‌లో ఊరి పేరు కొట్టకండి, మ్యాప్ మీద చుక్క పెట్టండి. మూడు చుక్కలు: బయలుదేరే చోటు, ఎత్తైన కనుమ, పడుకునే చోటు. యాప్ ఆ చుక్కకు ఎంత ఎత్తు అనుకుంటోందో చూడండి. కనుమ 3,900 అయితే యాప్ 3,200 అనుకోవచ్చు, ఎందుకంటే అది చుట్టుపక్కల సగటు తీసుకుంటుంది. ఆ 700 మీటర్లకు నాలుగున్నర డిగ్రీలు మీరే తీసేయాలి. గాలి 700 హెక్టోపాస్కల్ మట్టంలో చూస్తే 3,000 మీటర్ల దగ్గరిది తెలుస్తుంది. సున్నా డిగ్రీల మట్టం ఎంత ఎత్తున ఉందో చూసి, దానికి 300 మీటర్ల కింది దాకా వాన బదులు మంచు పడుతుందనుకోండి.

సిగ్నల్ లేనిచోట ఎత్తు చూపే గడియారం పనికొస్తుంది. రాత్రి పడుకునేటప్పుడు అంకె రాసుకోండి. కదలకుండా ఉన్నచోటే తెల్లారేసరికి అది 50 మీటర్లు ఎక్కువ చూపిస్తే గాలి పీడనం నాలుగైదు హెక్టోపాస్కల్‌లు పడిపోయిందన్నమాట. పడమట సన్నటి ఈకల మబ్బులు కూడా కనిపిస్తే ఆ రోజు కనుమ మానుకుని, కిందికి దిగే దారి పట్టండి. ఎక్కడున్నా అత్యవసర నంబర్ 112, అంబులెన్స్ 103. సిగ్నల్ మాత్రం చాలా జైలూల్లో ఉండదు, కనుక ఏ దారిన వెళ్తున్నారో, ఏ రోజుకు తిరిగొస్తారో బస ఇంటివాళ్లకు కాగితం మీద రాసిచ్చి బయలుదేరండి.